కుడికి తిరిగే ముందు

ఆ రోజు తప్పు నాది కాదని నాకు గట్టి నమ్మకం. నమ్మకం అనే మాటను నా వ్యాసాల్లో నేను ఎన్నడూ మంచి అర్థంలో వాడలేదు. కాని కారు తలుపు సొట్టపడి, బండి రోడ్డుకు అడ్డంగా ఆగిపోయి, పదిమంది చుట్టూ చేరినప్పుడు ఏ మనిషీ తన వ్యాసాలను గుర్తు చేసుకోడు.

నేనూ నా భార్యా జనగామ నుంచి మహబూబాబాద్ వైపు పోతున్నాం. పట్టణం ఇంకా కొంత దూరం ఉండగా ఒక ఊళ్లో పెళ్లి. పెళ్లికొడుకు నా పాత విద్యార్థి. పురోహితుడు ఉండడు, తాళి ఉండదు. దండలు మార్చుకుని, నలుగురి ముందు ఒప్పందం చదివి సంతకాలు పెడతారు. అలాంటి పెళ్లిళ్లు నేను చాలానే జరిపించాను. మూఢం నడుస్తున్నందువల్ల ఫంక్షన్ హాలు కోరిన రోజుకే దొరికింది. మూఢనమ్మకాల వల్ల మాలాంటివాళ్లకు కలిగే లాభాల్లో అదొకటి.

ముహూర్తం లేదు కాబట్టి ఆలస్యం అనే మాటే పుట్టదని దారి పొడుగునా నేను నా భార్యకు చెబుతూ వచ్చాను. పెళ్లికొడుకు తండ్రి మాత్రం అప్పటికే మూడుసార్లు ఫోన్ చేశాడు.

"సారు, పదకొండు గొట్టింది. మీరు రాకుంటే ఎట్ల మొదలువెట్టాలె?"

పురోహితుడు అక్కర్లేని పెళ్లి నేను లేకపోతే మొదలు కాదన్నమాట. అందులో ఏదో తేడా ఉందని నాకు అప్పుడు తట్టలేదు.

పెళ్లి జరిగే ఊరికి పెద్దరోడ్డు మీద నుంచి కుడికి తిరగాలి. తిరిగే చోట ఎడమపక్క ఒక చాయ్ హోటలు, దాని పక్కన పంచరు దుకాణం. వాటి ముందు రోడ్డు అంచున ఎవరో మక్కలు ఎండబోశారు. పచ్చటి మొక్కజొన్న గింజలు పలచగా, పొడుగ్గా పరిచి ఉన్నాయి. బండ్లు ఎక్కకుండా రోడ్డు వైపు వరసగా రాళ్లు పెట్టారు. ఆ కాలంలో మా దిక్కున ప్రతి తారురోడ్డూ సగం కల్లమే. దానికి ఎవరూ ఏమీ అనుకోరు.

నేను వేగం తగ్గించాను, అద్దంలో చూశాను, ఇండికేటర్ వేశాను, కుడికి తిప్పాను. ఇది ఆ పూట నేను పదిమందికి ఏడెనిమిదిసార్లు ఇదే వరసలో చెప్పిన మాట. చెప్పిన ప్రతిసారీ అది మరికాస్త నిజమైంది.

తిప్పగానే నా పక్క తలుపుకు ఏదో ఠప్పున తగిలింది. దిగి చూస్తే ఒక స్కూటీ పడి ఉంది. దాని ముందు మడ్గార్డు పగిలింది, ఒక అద్దం ఊడింది. నడిపిన మనిషి అప్పటికే లేచి నిలబడింది. ముప్పై అయిదేళ్లుంటాయి. మోచేయి గీరుకుపోయి నెత్తురు వస్తోంది. ఆమె హెల్మెట్ కూడా తీయకుండా వంగి కారు లోపలికి తొంగిచూసి, నా భార్యను అడిగింది.

"అవ్వా, నీకేం గాలేదు గద?"

నేను ఆమెను అడిగింది ఇది: "చూసుకుని నడపరాదా?"

రెండు ప్రశ్నల్లో ఏది ముందు అడగాల్సిందో పాఠకులకు చెప్పనక్కర్లేదు.

చాయ్ హోటలు ఆయనా, పంచరు దుకాణం ఆయనా, వాళ్ల దగ్గర కూర్చున్నవాళ్లూ వచ్చారు. మా దేశంలో ప్రమాదం జరిగిన చోట దెబ్బ తగిలినవాళ్లకు నీళ్లిచ్చేలోపే తీర్పు మొదలవుతుంది. పంచరు ఆయన దగ్గర ఒక సిద్ధాంతం ఉంది.

"ఎవలు గుద్దిండ్రన్నది గాదు ముచ్చట. పెద్ద బండి ఏది? కారు. పెద్ద బండిదే తప్పు. సైకిలు, మోటరు గుద్దుకుంటే మోటరుదే. కారు, లారీ గుద్దుకుంటే లారీదే."

"లారీ, రైలు గుద్దుకుంటే?" అన్నాను.

"రైలుదే. కని రైలును ఎవలు వట్టుకోవాలె సారు?"

చాయ్ హోటలు ఆయన ఈ సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. ఆయన ఒక చేత్తో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తూనే ఇంకో చేత్తో వాదించాడు.

"పెద్ద బండి గాదు, చిన్న బండి గాదు. ఆడోళ్లకు బండ్లిస్తే గిట్లనే అయితది. హెల్మెట్ తీసినంక సమజైంది నాకు. హమ్మయ్య, గిదా సంగతి అనుకున్న."

తర్వాత ఆయన నా కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"సారు, నీ కారుకు నిమ్మకాయ లేదు, గుమ్మడికాయ లేదు, లోపట దేవుని బొమ్మ లేదు. గుద్దక ఏంజేస్తది?"

ఇది నాకు వచ్చిన విషయం. ఆమె స్కూటీకి నిమ్మకాయ, దాని కింద మిరపకాయలు కట్టి ఉన్నాయి. నేను వాటిని చూపించాను. "కట్టని బండికి ఒక సొట్ట. కట్టిన బండి కింద పడింది, అద్దం ఊడింది, మనిషికి నెత్తురు వచ్చింది. మరి నిమ్మకాయ ఏం చేసినట్టు?"

"అది లేకుంటే పాణమే వోవు సారు" అన్నాడాయన.

దీనికి జవాబు లేదు. నలభై ఏళ్లుగా సభల్లో వాదిస్తున్నాను, ఇంతవరకు దొరకలేదు.

నేను నిమ్మకాయ మీద ఓడిపోతుండగా అవతల తీర్పు ఖరారైంది. పంచరు ఆయన సిద్ధాంతం ఒంటరిదైపోయింది. తప్పు ఆడమనిషిది. ఆడవాళ్ల తెలివిని శంకించేవాళ్లను ఖండిస్తూ నేను ఒక చిన్న పుస్తకమే రాశాను. అందులోని వాక్యాల్లో ఒక్కటి కూడా ఆ పూట నా నోట రాలేదు. తీర్పు నాకు అనుకూలంగా ఉంది. పైగా, నిజంగానే తప్పు ఆమెది అని నా అభిప్రాయం. సరైన ఫలితానికి వాళ్లు తప్పుడు దారిలో చేరారు, అంతే కదా అనుకున్నాను.

అంతలో ఒక కానిస్టేబుల్ మోటార్ సైకిల్ మీద అటే పోతూ ఆగాడు.

"ఎవలిది తప్పు?"

"ఆమెది" అన్నారు నలుగురైదుగురు.

"సారు, మీరు ఒక కాయితం రాసియ్యుండ్రి. స్టేషన్ల ఇచ్చి కేసు రాపిస్త. మీ ఇన్సూరెన్సుకు సుత పనికొస్తది" అని ఆయన తన సంచిలోంచి తెల్లకాగితం తీసి నాకిచ్చాడు.

అప్పటిదాకా ఆమె వాదనలో దిగలేదు. మోచేతికి కొంగు చుట్టుకుని, ఫోన్లో ఎవరితోనో తన తండా మాటలో మాట్లాడుతోంది. నాకు ఆ భాష రాదు. డ్రైవర్ అన్న ఒక్క మాట మాత్రం రెండుసార్లు వినిపించింది. కాగితం చూడగానే ఫోన్ పెట్టేసి నా దగ్గరికి వచ్చింది.

"సారు, నాకు చెల్పూర్ కాడ వ్యాన్ నడిపే పని దొరికింది. కరెంటు ప్లాంటుకు కూలోళ్లను ఎక్కిచ్చుకపోయే వ్యాను. సోమవారం ఎక్కాలె. రొండేండ్లు తిరిగితే దొరికింది."

"మంచిదే" అన్నాను.

"కాంట్రాక్టరు ఒక్కటే మాటన్నడు. ఆడమనిషివి, నడుపుతనంటున్నవు, సరే సూస్త. కని పేరు మీద ఒక్క యాక్సిడెంట్ కేసున్నా గేటు లోపటికి రావద్దన్నడు."

"గివన్ని ఇప్పుడెందుకు చెప్తవమ్మా, సారు రాసింది నేను తీస్కపోత" అన్నాడు కానిస్టేబుల్.

నేను కాగితం బానెట్ మీద పెట్టి రాయడం మొదలుపెట్టాను. నాకు రాయడం వచ్చు. అక్కడే చిక్కు. రాయడం రానివాడు తెలియనిచోట ఆగుతాడు. నాకు ఎక్కడా ఆగాల్సిన పని పడలేదు. వేగం తగ్గించి, అద్దంలో చూసి, ఇండికేటర్ వేసి, నా వరసలో నేనుండగా, వెనక నుంచి అతివేగంగా, అజాగ్రత్తగా వచ్చిన స్కూటీ అని రాస్తున్నాను. అతివేగం అన్న సంగతి నాకు ఎలా తెలిసిందో ఇప్పటికీ చెప్పలేను. వాక్యానికి అది అందంగా కుదిరింది.

ఆమె నా పక్కన నిలబడి చదువుతోంది.

"రాయొద్దంటలేను సారు. సూసి రాయుండ్రి."

"చూడటానికేముంది? నేను చూశాను."

"మీరు ముంగటికి సూసిండ్రు. నేను ఎనకనుంచి మిమ్ములను సూసిన" అంది ఆమె. "మీరు ఎడమదిక్కు వోయిన్రు. చాయ్ తాగుతందుకు పక్కకు ఆపుతాండ్రు అనుకున్న. హారన్ గొట్టి, కుడిపక్క నుంచి దాటవోయిన. గంతట్లనే మీరు కుడికి గొట్టిండ్రు."

"నేను ఎడమకు పోలేదమ్మా. కుడికి తిరిగేవాడు ఎడమకు ఎందుకు పోతాడు? ఆ మాటకు తర్కం లేదు."

"తర్కమేందో నాకెర్కలేదు. వోయిన్రు."

కానిస్టేబుల్ గడియారం చూసుకున్నాడు. నేను మిగిలిన వాక్యం పూర్తి చేయబోతుండగా రోడ్డు పక్క నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఎవడ్రా నా మక్కలల్ల కారు తోలింది? కండ్లు నెత్తికెక్కినయా?"

ఒక ముసలమ్మ చీపురుకట్టతో వస్తోంది. ఆ మక్కలు ఆమెవి. అన్నానికి ఇంటికి పోయి వచ్చేసరికి ఆమె కల్లం చెడిపోయింది. ప్రమాదంతో గాని, తీర్పుతో గాని, కానిస్టేబుల్‌తో గాని ఆమెకు పనిలేదు. అందరినీ తోసుకుంటూ వచ్చి తన గింజల దగ్గర నిలబడి చీపురుతో చూపించింది. మేమందరం చూశాం.

పచ్చటి గింజల మధ్య నల్లటి చార ఉంది. చక్రం పోయిన చార. వరసగా పెట్టిన రాళ్లలో ఒకటి పక్కకు దొర్లి ఉంది. చార అక్కడ లోపలికి వచ్చి, రెండు మూడు గజాలు సాగి, వంకర తిరిగి, మళ్లీ రోడ్డు మీదికి ఎక్కింది. అక్కడి నుంచి నలిగిన గింజలు తారు మీద ఒక గీతలా పడి ఉన్నాయి. ఆ గీత రోడ్డుకు అడ్డంగా సాగి నా కారు ఎడమ చక్రం దగ్గర ఆగింది.

"అది ఇంకో కారుది కావచ్చు" అన్నాను. అన్ని అవకాశాలనూ పరిశీలించడం నా అలవాటు.

ముసలమ్మ వంగి, నా కారు టైరు గాడిలో ఇరుక్కున్న గింజను గోటితో పీకి, నా ముఖం ముందు పెట్టింది.

"గిదెవలిది? నీ అత్తగారిదా?"

పంచరు ఆయన మోకాళ్ల మీద కూర్చుని టైరంతా చూశాడు. "ఇంక మస్తున్నయి సారు" అన్నాడు. ఆయన గొంతులో శాస్త్రజ్ఞుడి సంతోషం ఉంది. పెద్ద బండి సిద్ధాంతానికి మళ్లీ ప్రాణం వచ్చింది.

నేను కారు దగ్గరికి పోయాను. నా భార్య లోపలే కూర్చుని ఉంది.

"నేను ఎడమకు పోయానా?" అని అడిగాను.

ఆమె సగం దించి ఉన్న అద్దాన్ని పూర్తిగా దించింది.

"నన్నిప్పుడు అడుగుతాండ్రా? ఇందాకటి నుంచి అందరినడిగిండ్రు. పంచరాయననడిగిండ్రు, చాయ్ ఆయననడిగిండ్రు. బండ్ల మీ పక్కకు కూసున్నది నేను."

"సరే, ఇప్పుడు చెప్పు."

"స్కూటరు కాలం నుంచి గంతే. కుడిదిక్కు వోవాల్నంటే మీరు ముందుగాల ఎడమదిక్కు వోతరు. ఇంట్ల మాట సుత గట్లనే."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కానిస్టేబుల్ కూడా నవ్వాడు.

"ఇండికేటర్ వేశానా, లేదా?"

"ఏసిండ్రు. గుద్దినంక టిక్కు టిక్కుమంటనే ఉండె. తిరగకముందు ఏసిండ్రో, తిరుగుకుంట ఏసిండ్రో నేను సూడలె. సూడంది చెప్ప."

ఆ రోజు అక్కడ మాట్లాడిన వాళ్లలో చూడనిదాన్ని చూడలేదని చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. నేను సాక్ష్యం, ఆధారం అంటూ జీవితమంతా ఉపన్యాసాలిచ్చింది ఆమె వండిపెట్టిన అన్నం తినే. ఆమెను మాత్రం సాక్షిగా పిలవాలని నాకు తోచలేదు.

ఎందుకు ఎడమకు పోతానో నాకు అప్పుడు, ఆ చార ముందు నిలబడి ఉండగా తెలిసింది. నేను బండి నడపడం నేర్చుకున్నది లింగాల ఘనపూర్ దగ్గర మా మేనమామ ట్రాక్టర్ మీద. వెనక ట్రాలీ ఉండేది. పొలం దారికి అటూ ఇటూ రాతి కడీలు పాతి ఉండేవి. ట్రాక్టర్ నడిపే ఆయన నాకు మొదట నేర్పింది ఒకటే: "కుడికి తిరగాల్నంటే ముందుగాల ఎడమకు జరుగు. లేకుంటే ట్రాలీ లోపటికి కోసుకొచ్చి కడీని వీకుతది." ఆ మాటకు అక్కడ పూర్తి కారణం ఉంది. ట్రాలీ పోయింది, కడీలు పోయాయి, మేనమామ పోయాడు. నా చేతులు మాత్రం చిన్న కారులో కూర్చుని లేని ట్రాలీని లేని కడీ నుంచి తప్పిస్తూనే ఉన్నాయి. నిమ్మకాయ ఎందుకు కడతావని నేను అడిగితే మా పెద్దలు కట్టారు అనేవాళ్లను ఎన్ని సభల్లో నిలదీశానో లెక్కలేదు. వాళ్లకు కనీసం తాము కడుతున్నామని తెలుసు. నాకు ఆ సంగతి కూడా తెలియదు.

నేను రాసిన కాగితాన్ని చించేసి కానిస్టేబుల్‌ను ఇంకొకటి అడిగాను. తప్పు నాది అని మొదటి వాక్యం రాశాను. ఆయన చదివి కంగారుపడ్డాడు.

"ఏంది సారు గిది? మీ మీద మీరే ఫిర్యాదు ఎట్ల ఇస్తరు?"

"తప్పు నాది కాబట్టి."

"అట్ల ఉండది సారు. ఇంకొకలు ఇయ్యాలె." ఆయన ఆమె వైపు తిరిగాడు. "నువ్వియ్యమ్మా."

"నేనియ్య. ఇస్తే నా పేరు సుత రాస్తరు."

కానిస్టేబుల్ సంచి మూసుకున్నాడు. "మరి ఇద్దరు ఇయ్యకుంటే యాక్సిడెంట్ కానట్టే" అన్నాడు. చాయ్ తాగి వెళ్లిపోయాడు. సొట్టపడిన కారు, పగిలిన స్కూటీ, గీరుకుపోయిన మోచేయి అలాగే ఉన్నాయి.

నేను మాత్రం రాయడం ఆపలేదు. రెండు పేజీలు రాశాను. మక్కలు ఎక్కడున్నాయి, చార ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, స్కూటీ ఎటు నుంచి వచ్చింది, అన్నీ బొమ్మ గీసి చూపించాను. సంతకం పెట్టి, నా ఫోన్ నంబరు రాసి ఆమెకిచ్చాను. ఆమె దాన్ని మడిచి హెల్మెట్‌లో పెట్టుకుంది. పంచరు ఆయన స్కూటీ చక్రం వంకర సరిచేశాడు. నా భార్య తన నీళ్లసీసాతో ఆమె మోచేయి కడిగి, చేతిరుమాలు కట్టింది. ఆ పని మేమందరం అక్కడ చేరినప్పటి నుంచి ఎవరూ చేయక మిగిలిపోయింది.

ముసలమ్మ నన్ను వదల్లేదు. "కారు ఎక్కుడు గాదు, చెదరగొట్టినయి మళ్ల ఎవలు ఎండవోస్తరు?" అంది. పెళ్లి కోసం వేసుకున్న తెల్ల బట్టలతో నేను వంగి, నలిగిన గింజలు ఏరి పక్కన పెట్టి, మిగతావి చీపురుతో పలచగా పరుస్తుండగా పెళ్లికొడుకు తండ్రి నాలుగోసారి ఫోన్ చేశాడు. చేతులు ఖాళీ లేవని చెప్పాను. మేం హాలు చేరేసరికి పెళ్లి అయిపోయింది. పిల్లలిద్దరూ ఒప్పందం వాళ్లే చదువుకుని, దండలు వాళ్లే మార్చుకున్నారు. నేను జాగ్రత్తగా చూశాను. ఆ పెళ్లిలో లోపమేమీ కనిపించలేదు.

శనివారం సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. చాయ్ హోటలు ఆయన తీసిన వీడియో వాట్సాప్‌లో ఊరూరూ తిరిగి భూపాలపల్లి దాకా చేరింది. దాని కింద ఎవరో "లేడీ డ్రైవర్ చేసిన పని చూడండి" అని రాశారు.

"కాంట్రాక్టరు సూసిండట సారు. సోమవారం రావద్దన్నడు. మీరిచ్చిన కాయితం ఫోటో దీసి పంపిన. సదవలేదు. నీలం టిక్కులు సుత రాలె."

"ఆయనతో నేను ఫోన్లో మాట్లాడతాను."

"ఫోన్ల గాదు సారు. మీరు మనిషే రావాలె. వస్తరా?"

ఆదివారం పొద్దున నేను బస్సెక్కాను. కారు షెడ్డులో ఉంది. జనగామ నుంచి హనుమకొండ, అక్కడ బస్సు మారి భూపాలపల్లి దారి. చెల్పూర్ స్టాపులో ఆమె నిలబడి ఉంది. వెనక దూరంగా ప్లాంటు పొగగొట్టాలు కనిపిస్తున్నాయి. మోచేతికి పట్టీ మార్చుకుంది. చేతిలో నా కాగితం ప్లాస్టిక్ కవరులో ఉంది.

కాంట్రాక్టరు రేకుల షెడ్డు కింద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నలభై అయిదేళ్ల మనిషి. ఎదురుగా నాలుగు వ్యాన్లు నిలబడి ఉన్నాయి. ఆయన ఫోన్ తీసి వీడియో మాకే చూపించాడు.

"గుద్దింది ఈమెనే గద సారు?"

"వీడియో గుద్దిన తర్వాత తీసింది. గుద్దడం అందులో లేదు. ఉన్నది పదిమంది అభిప్రాయం. కారు నడిపింది నేను. తప్పు నాది. అది ఎలా తెలిసిందో ఇందులో రాశాను" అని కాగితం ఇచ్చాను.

ఆయన దాన్ని ముందు చూశాడు, వెనక తిప్పి చూశాడు.

"స్టాంపు లేదేంది?"

"ఆధారానికి స్టాంపు అక్కర్లేదు. బొమ్మ చూడండి."

ఆయన బొమ్మ చూడలేదు. నన్ను చూశాడు. "మీరేం జేస్తరు సారు?"

"రిటైరయ్యాను. హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ని."

కాంట్రాక్టరు లేచి నిలబడ్డాడు. కుర్చీని తువ్వాలతో దులిపి నా వైపు జరిపాడు. "సైన్సు సారా? మొదలే చెప్పరాదు? జనగాం నుంచి గింత దూరం సారు మనిషే వచ్చి చెప్తాండంటే ఇంకేం గావాలె. సార్లు అబద్ధమాడుతరా? అయిపాయె. రేపు పొద్దటి షిఫ్టుకు రా అమ్మా." నా రెండు పేజీలను మడిచి బల్ల మీద చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

ఆమె ముఖం వెలిగింది. నాది వెలగలేదు. నేను కుర్చీలో కూర్చోలేదు.

"ఒక్క నిమిషం. సార్లు అబద్ధమాడరని మీకెవరు చెప్పారు? మొన్న నేను కారు బానెట్ మీద పెట్టి ఒక అబద్ధాన్ని సగం దాకా రాశాను. నా మాట మీద ఈమెను తీసుకోకండి. మక్కల మీద చార ఉంది, టైరులో గింజలున్నాయి, అవి చూసి..."

కాంట్రాక్టరు చేయి మళ్లీ కాగితం వైపు పోయింది. "అబద్ధం రాసిండ్రా? మరి గిదెవలు రాసిండ్రు?" అన్నాడు. అంతవరకు తెరిచి ఉన్న ఆయన ముఖం మూసుకుపోతోంది.

"సారు" అంది ఆమె. గట్టిగా కాదు. "జర ఊకోండ్రి. నౌకరి వచ్చింది."

నా దగ్గర ఇంకా మూడు అంశాలున్నాయి. ఆమె నా వైపే చూస్తోంది. రెండేళ్లు తిరిగిన మనిషి చూపు అది. నేను కూర్చున్నాను.

"సారేమంటాండమ్మా?" అన్నాడు కాంట్రాక్టరు.

"పొద్దటి నుంచి బస్సులల్ల వచ్చిండు. అలిసిండు."

"పాపం. చాయ్ తెప్పిస్త." ఆయన ముఖం మళ్లీ తెరుచుకుంది. మేకుకు తగిలించిన తాళంచెవి తీసి ఆమెకిచ్చాడు. "ఒకపారి బండి తీసి గేటు దాక వోయి రా. సూస్త."

ఆమె చెప్పులు విప్పి వ్యాన్ ఎక్కింది. ఇంజన్ మోగింది. కాంట్రాక్టరు లోపలికి పోయి కొబ్బరికాయతో వచ్చి నా చేతికి అందించబోయాడు.

"సారు, ఆడబిడ్డ మొదటిపారి బండి తీస్తాంది. మీ చేతుల మీద గొట్టుండ్రి. సదువు చెప్పిన చెయ్యి, మంచిగుంటది."

నేను ఆమె వైపు చూశాను. ఆమె స్టీరింగ్ పట్టుకుని, ఇంజన్ ఆపకుండా, నన్నే చూస్తోంది.

"కుడి భుజం నొప్పి. చేయి లేవడం లేదు" అన్నాను.

"యాక్సిడెంట్ల తాకింది గావొచ్చు" అని కాంట్రాక్టరు జాలిపడ్డాడు. ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. కొబ్బరికాయ తానే కొట్టాడు. వ్యాన్ కదిలింది, రెండు స్తంభాల మధ్య నుంచి నేరుగా గేటు దాటింది. ఆయన నా ఎడమచేతిలో ఒక కొబ్బరి ముక్క పెట్టాడు. తిన్నాను.